నడుం నొప్పి, కాలు లాగుడు - మంచం ఎక్కేయకండి

అందరికీ నమస్కారం అండి. ఈరోజు నడుం నొప్పి గురించి మాట్లాడుకుందాం. అందులోనూ మూడు నెలలు దాటినా వదలని నొప్పి, ఇంకా పిర్ర దగ్గర మొదలై తొడ వెనక నుంచి పిక్కలోకి, పాదంలోకి జివ్వుమని లాగేది ఉంటుంది చూడండి, సయాటికా అంటాం, దాని గురించి కూడా. మన శ్రీకాకుళం వైపు ఈ బాధ లేని ఇల్లు వెతుక్కోవాలి. ఊడుపుల్లో వంగిన నడుం సాయంత్రానికి గానీ లేవదు, పలాసలో జీడిపిక్కల పనికెళ్లే ఆడోళ్లు గంటలకొద్దీ కూర్చున్న చోటే ఉంటారు, బస్తాలు మోసేవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు.

లోపల ఏం జరుగుతుందంటే, పూసకీ పూసకీ మధ్య డిస్క్ ఉంటుంది, తాటిముంజెలాగ, పైన గట్టి పొర, లోపల మెత్తటి గుజ్జు. ఆ పొర చిట్లి గుజ్జు బయటికొస్తే పక్కనున్న నరం వేరుని నొక్కుతుంది, అక్కడ వాపు కూడా వస్తుంది, అందుకే దెబ్బ నడుంలో ఉంటే నొప్పి కాల్లో తెలుస్తుంది. ఎక్కువగా పాడయ్యేవి నడుం చివరి రెండు డిస్కులే. మంచి విషయం ఏంటంటే, బయటికొచ్చిన గుజ్జుని చాలాసార్లు ఒళ్లే మెల్లగా కరిగించేసుకుంటుంది, ఎక్కువమందికి 6 నుంచి 12 వారాల్లో ఆపరేషన్ లేకుండానే నెమ్మదిస్తుంది. ఎమ్మారై రిపోర్టులో డిస్క్ బల్జ్, అంటే డిస్క్ ఉబ్బింది అని చూసి బెంగ పెట్టుకోకండి, ఏ నొప్పీ లేనివాళ్లకి తీసినా అది చాలామందిలో కనిపిస్తుంది.

నాకు భయం వేసేది మాత్రం మాత్రల గురించే. "ఏటి బాబూ, నడుం పీకేస్తంది, ఒక బిళ్ల ఇయ్యి" అని మెడికల్ షాపులో డైక్లోఫినాక్ లాంటివి కొనుక్కుని నెలల తరబడి వేసేసుకుంటున్నారు. కవిటి, సోంపేట, కంచిలి, మందస... ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లని ముంచిందో మనకి ఒకరు చెప్పాలా? ఈ నొప్పి బిళ్లలు కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి, ఎండలో చెమటోడ్చి సరిగ్గా నీళ్లు తాగని మనిషికి ఇంకా ప్రమాదం. దయచేసి డాక్టర్ని అడక్కుండా వేసుకోకండమ్మా, కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకున్నాకే.

మరి మందేంటంటే కదలడమే. నొప్పి బాగా ఎక్కువగా ఉంటే ఒకట్రెండు రోజులు పడుకోండి, అంతకుమించి వద్దు, కండ బలం పోతుంది. ఓర్చుకోగలిగినంత, పది నిమిషాలైనా నడవండి, రోజూ కొంచెం పెంచండి. మంచం మీంచి లేచేటప్పుడు నిటారుగా లేవకుండా ముందు పక్కకి తిరిగి, కాళ్లు కిందికి జార్చి, చేత్తో మంచాన్ని నొక్కుతూ లేవండి. బిందె ఎత్తేటప్పుడు మోకాళ్లు వంచి, బిందెని ఒంటికి ఆనించుకుని ఎత్తండి. ఫిజియోథెరపిస్టు నేర్పిన ఎక్సర్‌సైజులు నొప్పి తగ్గాక కూడా మానకండి, అక్కడే చాలామంది ఆపేస్తారు. అన్నీ చేసినా కాలు నొప్పి నెలలు గడిచినా తగ్గకపోతే అప్పుడు ఆపరేషన్ మాట.

కొన్ని మాత్రం ఆగేవి కావు. మూత్రం రాకపోవడం, తెలీకుండా పోవడం, మలం ఆగకపోవడం, తొడల మధ్య మొద్దుబారడం, పాదం పైకి లేవక జారిపోవడం, ఇవేవి కనిపించినా అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్లాలి, రాత్రైతే 108కి ఫోన్ చెయ్యండి, నరం నలిగినంతసేపూ అది మళ్లీ కోలుకునే అవకాశం తగ్గిపోతుంటుంది. నడుం నొప్పితో సాయంత్రం జ్వరాలు, బరువు తగ్గడం ఉంటే వెన్నుపూస టీబీ కావచ్చు, దానికి మందులు ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగానే ఇస్తారు.