ఫారం అల్కగ దొరికితే ఎవరు సంతకం పెడ్తరు?

[తెర మీద: బల్ల మీద ప్లాస్టిక్ కవరు, రేషన్ కార్డులు దాచుకునే రకం. అందులకెల్లి ఒక టీకాల కార్డు బయటికొస్తది. మూలలు మడతలు పడ్డయ్, ఒక పక్కన పసుపు మరక.]

నమస్తే. ఈ కార్డు మా చిన్నమ్మ మనవడిది. నకిరేకల్ దిక్కు ఊర్లె పుట్టిండు. అంగన్‌వాడీల, సబ్ సెంటర్ల టీకాలేయించుకున్నడు. ఆరేండ్లు మా చిన్నమ్మ కొంగు పట్టుకొనే పెరిగిండు. 2025 సెప్టెంబర్ల అమ్మానాయిన దగ్గరికి, టెక్సాస్‌ల డల్లాస్ దిక్కు పోయిండు.

వారం తిరగలే. రాత్రి తొమ్మిదిన్నరకు మా తమ్ముడు, అంటే ఆ పిల్లగాని నాయిన, ఫోన్ చేసిండు.

"అక్కా, బడిల ఈ కార్డు సాలదంటున్రు. మళ్ల సూదులెయ్యాల్నట. ఇక్కడ దోస్తు ఒకాయన చెప్తున్నడు, ఏదో ఫారం ఉన్నదట, డౌన్‌లోడ్ చేసి సంతకం పెడితే ఏ సూదీ అక్కర్లేదట. పెట్టాల్నా, వద్దా?"

మా తమ్ముడు టీకాలకు ఎదురు మాట్లాడే మనిషి కాదు. కరోనాల అందరికంటే ముందు లైన్ల నిలవడ్డోడు. అసొంటోడు గూడ ఆ ఫారం గురించి ఎందుకు అడిగిండు? ఈ వీడియో దాని గురించే.

[తెర మీద: అమెరికా పటం, టెక్సాస్ మీద రంగు]

ముందుగాల సంగతి చెప్త. అమెరికాల ఏ రాష్ట్రంలనైనా పిల్లలు బడిల చేరాలంటే టీకాలు చూపియ్యాలె. ఇది పాత రూలే. టెక్సాస్‌లనే శాన్ ఆంటోనియో ఊర్లె ఒక పిల్లను టీకా లేదని బడికి రానియ్యకుంటే కేసు సుప్రీంకోర్టు దాక పోయింది. 1922ల కోర్టు ఊరి దిక్కే తీర్పిచ్చింది. అయితే రూలు పక్కనే మినహాయింపులు గూడ ఉన్నయ్. డాక్టర్ రాసిచ్చేది ఒకటి. క్యాన్సర్ మందులు వాడే పిల్లలకు కొన్ని టీకాలు పడవు కదా, ఆ రకం. ఇది అన్ని రాష్ట్రాల్ల ఉన్నది, దీని మీద లొల్లి లేదు. లొల్లంత రెండో రకం మీద. మతం వల్లనో, మనస్సాక్షి ఒప్పక్కనో వద్దనుకునేటోళ్లకు ఇచ్చేది. కాలిఫోర్నియా, న్యూయార్క్ అసొంటి కొన్ని రాష్ట్రాలు దీన్ని తీసేసినయ్. టెక్సాస్ 2003 నుంచి ఇస్తున్నది.

మరి కొత్తగ ఏం మారింది?

మొన్నమొన్నటి దాక టెక్సాస్‌ల ఆ ఫారం కావాలంటే ఆరోగ్య శాఖకు అర్జీ పెట్టాలె. పిల్లగాని పేరు, పుట్టిన తేదీ రాసి పంపాలె. వాళ్లు తపాలాల ఇంటికి పంపేది. అది వచ్చేదాక ఎదురుచూడాలె. వచ్చినంక నోటరీ దగ్గర సంతకం పెట్టి బడిల ఇయ్యాలె. 2025ల హౌస్ బిల్ 1586 అని ఒక చట్టం చేసిన్రు. సెప్టెంబర్ 1 నుంచి ఫారం వెబ్‌సైట్లనే ఉన్నది. ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, ఇంట్లనే ప్రింట్ తీసుకోవచ్చు. నోటరీ మాత్రం తప్పదు. నోటరీ అంటే మన నల్లగొండ కోర్టు ముందర బల్లేసుకొని కూసునే సారును ఊహించుకోకున్రి. అక్కడ బ్యాంకుల, కొరియర్ దుకాణంల గూడ ఉంటరు.

అంతే. హక్కు కొత్తగ ఇయ్యలే. రూలు గూడ తియ్యలే. మధ్యల ఉన్న తపాలాను మాత్రం ఎత్తేసిన్రు.

"గంతదానికే ఇంత లొల్లి ఎందుకు?" అని మీకు అనిపిస్తది. నాకూ అనిపించింది. ఇప్పుడు మీసేవ సంగతి చూడున్రి.

[తెర మీద: మీసేవ బోర్డు, బయట బెంచీ మీద కూసున్న నలుగురు]

మీసేవ రాకముందు కులం సర్టిఫికెట్ కావాలంటే తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరగాలె. సారు లేడు, రేపు రా. సంతకం అయింది, ముద్ర కాలే, ఎల్లుండి రా. పొద్దుగాల కూలి పోగొట్టుకొని, బస్సు కిరాయి పెట్టుకొని తిరగాలె కాబట్టి, బాగ అక్కెర ఉన్నోడే తిరిగేటోడు. మీసేవ వచ్చినంక? ఎందుకైనా మంచిదని అందరూ తీసి పెట్టుకుంటున్రు. మంచిదే, ఆ కాయిదం అందరి దగ్గర ఉండాల్సిందే. కాని ఒకటి గమనించున్రి. జనం మనసు మారలే, తిప్పల తగ్గింది. తిప్పల తగ్గంగనే కాయిదం తీసేటోళ్లు పెరిగిన్రు.

టీకా వద్దనే ఫారం దగ్గర గూడ ఇదే నడుస్తది. సాద్ ఓమర్ అనే పరిశోధకుడు, ఆయన తోటోళ్లు 2006ల ఒక లెక్క తీసిన్రు. మినహాయింపు అల్కగ దొరికే రాష్ట్రాల్ల, కష్టంగ దొరికే రాష్ట్రాల్ల కోరింత దగ్గు ఎంతుందో పక్కపక్కన పెట్టి చూసిన్రు. అల్కగ దొరికే కాడ దాదాపు ఒకటిన్నర రెట్లు ఎక్కువున్నది. వాషింగ్టన్ రాష్ట్రం దీనికి తలకిందులు చేసింది. 2011ల ఒక్క అడ్డం పెట్టింది: ఫారం మీద డాక్టరో, నర్సో సంతకం చెయ్యాలె, టీకా వల్ల లాభమేంది నష్టమేంది మాట్లాడినమని. హక్కు హక్కు తీర్గనే ఉన్నది. మినహాయింపులు మాత్రం దాదాపు 40 శాతం తగ్గినయ్.

ఆ తగ్గిన 40 శాతం ఎవరు? గట్టిగ వద్దనుకున్నోళ్లు డాక్టర్ సంతకం గూడ తెచ్చుకుంటరు. తగ్గినోళ్లల్ల ఎక్కువమంది మా తమ్ముని అసొంటోళ్లే అనుకుంట. కార్డు దొరకక, డాక్టర్ అపాయింట్‌మెంట్ దొరకక, బడి తెరిచే రోజు నెత్తి మీదికొచ్చి "ఇప్పటికి ఇది పెట్టేద్దాం, తర్వాత చూసుకుందాం" అనుకునేటోళ్లు.

ఎదుటోళ్ల మాట గూడ చెప్పాలె కదా. చట్టాన్ని మెచ్చినోళ్లు ఏమంటరంటే, హక్కు ఉన్నదని మీరే చట్టంల రాసిన్రు, మరి ఫారం కోసం మమ్ముల్ని ఎందుకు తిప్పుతున్రు, ఖజానాకు తపాలా ఖర్చు ఎందుకు? ఈ ప్రశ్న తప్పని నేను అనలేను. ఆఫీసుల చుట్టూ తిరిగిన మనసు నాది గూడ. నా పేచీ వేరే కాడున్నది. కాయిదం దిక్కు అడ్డం తీసేసిన్రు, సూది దిక్కు అడ్డాలు ఎట్లున్నయో అట్లనే ఉంచిన్రు. ఫారం ఫోన్ల దొరుకుతది. టీకా కావాలంటే అపాయింట్‌మెంట్ తీయాలె, ఆఫీసుల సెలవు పెట్టాలె, ఇన్సూరెన్స్ కార్డు రావాలె.

అదీ ఏ సమయంల తీసిన్రు? 2025 జనవరిల టెక్సాస్ పడమటి దిక్కు గెయిన్స్ కౌంటీల, కౌంటీ అంటే మన జిల్లా తీరు, తట్టు మొదలైంది. మీజిల్స్ అంటరు కదా, అదే. రాష్ట్రంల మినహాయింపులు బాగ ఎక్కువున్న కౌంటీల అదొకటి. అక్కడికెల్లి పాకి మొత్తం 762 మందికి సోకింది. బడికి పోయే వయసు పిల్లలిద్దరు సచ్చిపోయిన్రు, ఇద్దరూ టీకా లేనోళ్లే. అయిపోయిందని ప్రకటించింది ఆగస్టు 18న. ఫారం వెబ్‌సైట్లకెక్కింది సెప్టెంబర్ 1న. నడుమ పద్నాలుగు రోజులు.

[తెర మీద: ఖాళీ తరగతి గది, ఫ్యాన్ మెల్లగ తిరుగుతుంటది]

తట్టు వచ్చిన పిల్లగాడు గదిలకెల్లి వెళ్లిపోయినంక గూడ రెండు గంటల దాక ఆ గాలిల వైరస్ ఉంటది. ఒక్కనికొస్తే, టీకా లేనోళ్ల నడుమ 12 నుంచి 18 మందికి అంటుకుంటది. అందుకే వందల 95 మందికి టీకా ఉండాలంటరు. 2024-25ల అమెరికా కిండర్‌గార్టెన్ పిల్లల్ల 92.5 శాతం దగ్గరున్నరు. దేశమంతటి సగటు లెక్కల రెండున్నర పాయింట్ల తేడా చిన్నగనే కనపడ్తది, కాని మినహాయింపులు దేశమంత సమానంగ పరుచుకొని ఉండయ్. ఒక బడిల, ఒక వాడల కుప్పవడి ఉంటయ్.

ఇగ మా తమ్ముని కార్డు దగ్గరికొద్దాం. మన దగ్గరికెల్లి పిల్లల్ని తీస్కపోయేటోళ్లు ఇది జర మంచిగ వినాలె.

[తెర మీద: కార్డు దగ్గరి నుంచి. వేలు ఒక్కో గడి మీద ఆగుతది.]

కార్డు నిండ టిక్కులే. మా చిన్నమ్మ ఒక్కటి గూడ తప్పియ్యలే. మరి బడోళ్లు సాలదని ఎందుకన్నరు?

ఇదిగో ఈ గడి చూడున్రి, తొమ్మిది నెలలకు ఎంఆర్ మొదటి సూది. మన దగ్గర అదే సరైన సమయం, చిన్న పిల్లలకే తట్టు ఎక్కువొస్తది కాబట్టి. టెక్సాస్ మాత్రం మొదటి పుట్టినరోజు తర్వాత ఏసిందే లెక్కల పెడ్తది. అంటే ఇది పోయింది. ఏడాదిన్నరకు ఏసిన రెండోది ఉన్నది, కాని అందుల తట్టు, రుబెల్లా ఉన్నయ్, గవద బిళ్లలది లేదు. వాళ్లు అడిగేది ఎంఎంఆర్, గవద బిళ్లలు గూడ కలిసింది. అమ్మవారు (చికెన్‌పాక్స్) పోయకుండ ఏసే సూది, హెపటైటిస్ ఎ సూది మన సర్కారు పట్టికలనే లేవు, అక్కడ రెండేసి కావాలె. అన్నిటికంటే నాకు ఆశ్చర్యమనిపించింది పోలియో చుక్కలు. 2016 ఏప్రిల్‌ల మన దేశం మూడు రకాల పోలియో వైరస్‌లను ఆపే చుక్కల మందు మానేసి రెండు రకాలను ఆపేది మొదలుపెట్టింది. ఆ రెండు రకాల చుక్కల్ని అమెరికా లెక్కపెట్టదు. పల్స్ పోలియో ఆదివారాలు బస్టాండ్ల నిలవడి ఏయించిన చుక్కలన్నీ!

మా చిన్నమ్మ మనసు ఎంత కుమిలిపోయిందో. "నేను పిల్లగానికి తక్కువ చేసిన్నా?" అన్నది. తక్కువేం చెయ్యలే. రెండు దేశాల పట్టికలు వేరే, అంతే.

ఇప్పుడు అర్థమైతది మా తమ్మునికి ఆ ఫారం ఎందుకు అంత ముద్దొచ్చిందో. ఒక దిక్కు ఎనిమిది తొమ్మిది సూదులు, నెలల తరబడి తిరుగుడు. ఇంకో దిక్కు ఒక్క పేజీ.

నేను చెప్పింది ఇది. ఆ ఒక్క పేజీతోని పని అయిపోదురా. రెండేండ్లకే దాని గడువు తీరుతది. నోటరీ చేయించిన 90 రోజుల్ల బడిల ఇయ్యాలె. ముఖ్యమైంది, రోగం ప్రబలిందని రాష్ట్రం ప్రకటిస్తే ఆ ఫారం మీదున్న పిల్లల్ని బడికి రావొద్దనొచ్చు. తట్టు వచ్చినోని దగ్గర మసిలినోళ్లను 21 రోజులు ఇంట్ల ఉంచుమంటరు. మీరిద్దరు కొలువులకు పోయేటోళ్లు, అమ్మ ఇక్కడున్నది. 21 రోజులు వాణ్ని ఎవరు చూసుకుంటరు?

ఇంకోటి చాలామందికి తెల్వదు. సూదులన్నీ పూర్తయ్యేదాక బడి బయట నిలవడాల్సిన పని లేదు. అడిగిన ప్రతి టీకా కనీసం ఒక్క డోసు పడితే తాత్కాలికంగ చేర్చుకుంటరు, మిగతావి సమయానికి ఏయించుకుంట పోవాలె. ఇన్సూరెన్స్ ఉంటే పిల్లల టీకాలకు పైసలు తీసుకోరు. లేకుంటే టెక్సాస్ వ్యాక్సిన్స్ ఫర్ చిల్డ్రన్ అని సర్కారు పథకమున్నది, కౌంటీ హెల్త్ డిపార్ట్‌మెంట్ల అడగాలె. ఇంతకుముందే కొన్ని రోగాలొచ్చి పోయినయనుకుంటే రక్త పరీక్షతోని గూడ నిరూపించుకోవచ్చు.

[తెర మీద: పాత వ్యాక్సిన్ డబ్బా, పక్కన ఒక చిన్న సీసా]

ఇవన్నీ మాట్లాడుతుంటే మా అమ్మ పక్క మంచంల పండుకొని వింటున్నది. అమ్మ ఏఎన్ఎం చేసి రిటైరయింది. దేవరకొండ దిక్కు తండాల్ల ఈ ఐస్ డబ్బా భుజానికేసుకొని తిరిగింది. ఎంఆర్ సీసా ఒకసారి ఇప్పితే నాలుగు గంటలే, తర్వాత పారబోయాల్సిందే. ఇప్పిన టైము సీసా మీద పెన్నుతోని రాసుకునేది. తండాకు పోయేసరికి పిల్లలుంటరా? తల్లిదండ్రులు పిల్లల్ని ఎత్తుకొని ముంబైకో పుణెకో కూలికి పోయి ఉంటరు. తాళం. పక్కింట్ల అడిగితే ఉగాదికి వస్తరంటరు.

"మా దగ్గర టీకా వద్దని ఫారం నింపినోడు ఒక్కడు లేడు బిడ్డా," అన్నది అమ్మ. "నింపాల్సిన ఫారమే లేదు గద. సంతకం లేకుండనే తప్పిపోయేటోళ్లు. నేను పోయిన రోజు వాళ్లు ఉంటే పడేది, లేకుంటే లేదు."

ఆ మాట విన్నంక నాకు నిద్ర పట్టలే. దేవరకొండ తండాలకెల్లి వలస పోయిన తల్లీ, డల్లాస్‌ల రెండు కొలువుల ఇల్లూ ఏడ కలుస్తయనుకున్న. ఈడనే కలుస్తున్నయ్. ఇద్దరికీ టీకా మీద కోపం లేదు, తీరిక లేదు. అమ్మ చేసిన పనేంది? ఉగాదికి వస్తరంటే ఉగాది మర్నాడు డబ్బా పట్టుకొని మళ్లా పోయేది. టెక్సాస్ ఫారాన్ని ఇంటి దాక తెచ్చింది, మంచిదే. మరి సూదిని గూడ బడి దాక తేవచ్చు కదా అని నాకనిపిస్తది. చేరేరోజే బడిల ఒక నర్సు టీకా ఏస్తే, ఆ ఫారం కోసం వెబ్‌సైట్ తెరిచేటోళ్లు ఎంతమంది మిగులుతరు?

మా తమ్ముడు ఫారం ప్రింటైతే తీసిండట, దాచుడెందుకు. ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద రెండు రోజులు పెట్టిండట. మూడో నాడు పిల్లగాణ్ని డాక్టర్ దగ్గరికి తీస్కపోయిండు. ఒక్కరోజే నాలుగు సూదులు, రెండు చేతులకు రెండు, రెండు తొడలకు రెండు. ఎంఎంఆర్ రెండోది 28 రోజులకు, అమ్మవారిది మూడు నెలలకు, హెపటైటిస్ ఎ, పోలియో చివరివి ఆర్నెల్లకు. పిల్లగాడు బడికైతే పోతున్నడు.

ఆ రాత్రి వీడియో కాల్‌ల మా చిన్నమ్మ వాని చేతికున్న పట్టీ చూసి, ముందుగాల అడిగింది వాని నొప్పి గురించి. తర్వాత మెల్లగ అడిగింది, "మరి నేను దాచిన కార్డు ఏం పనికిరాలేదా?"

"వచ్చిందే అమ్మా," అన్నడు తమ్ముడు. "ధనుర్వాతం, కోరింత దగ్గు, కంఠసర్పి, అన్నీ లెక్కకొచ్చినయ్. ఆ కార్డు లేకుంటే ఇంకో పది పొడిచేటోళ్లు."

[తెర మీద: కార్డు మళ్లీ ప్లాస్టిక్ కవర్లకు పోతది. కవరు ట్రంకు పెట్టెల, బట్టల అడుగున.]