ఉపగ్రహం వదిలేసిన ముప్పై అడుగులు

అందరికీ నమస్కారం. శనివారం పొద్దున పిల్లల స్విమ్మింగ్ క్లాసులు మానిపించి మరీ వచ్చారు కాబట్టి సోది తగ్గించి విషయంలోకి వస్తాను.

మనం కూర్చున్న ఈ రెడ్‌మండ్ నుంచి 520 బ్రిడ్జి దాటి వెళ్తే, ట్రాఫిక్ కరుణిస్తే, అరగంటలో సియాటెల్ ఫ్రీమాంట్ ప్రాంతం వస్తుంది. ప్రపంచమంతా ఆడే జియోక్యాషింగ్ అనే ఆటకి ప్రధాన కార్యాలయం అక్కడే ఉంది. ఏళ్ళ తరబడి ఈ ఊళ్ళో ఉంటున్నా మనవాళ్ళలో చాలామందికి ఆ సంగతి తెలియదు.

ఆట చాలా సింపుల్. ఒకరు ఒక డబ్బాని ఆరుబయట ఎక్కడో దాచి, ఆ చోటి అక్షాంశ రేఖాంశాలు అందరికీ చెబుతారు. మిగతావాళ్ళు ఫోనో జీపీఎస్సో పట్టుకుని వెతుక్కుంటూ వెళ్తారు. దొరికితే లోపలున్న కాగితం మీద పేరు, తేదీ రాసి, ఎక్కడ తీశారో అక్కడే పెట్టేస్తారు. డబ్బా పెద్దదైతే అందులో చిన్న చిన్న బొమ్మలుంటాయి. ఒకటి తీసుకుంటే అంతకు తగ్గనిది ఇంకొకటి పెట్టాలి. ప్రపంచం మొత్తం మీద ఇలాంటివి 30 లక్షలకు పైగా ఉన్నాయి. పిల్లలు ఎలాగూ అడుగుతారు కాబట్టి ముందే చెప్పేస్తాను, అవును, అంతరిక్షంలో కూడా ఒకటుంది. 2008లో రిచర్డ్ గారియట్ అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో పెట్టి వచ్చాడు.

ఈ ఆట పుట్టుక ఒక ప్రభుత్వ నిర్ణయంతో ముడిపడి ఉంది. జీపీఎస్ అమెరికా సైన్యానిది. మామూలు జనానికి అందే సంకేతాన్ని వాళ్ళు కావాలనే కాస్త చెడగొట్టి పంపేవాళ్ళు. అందువల్ల మన చేతిలోని పరికరం చూపించే చోటు వంద మీటర్ల దాకా తప్పే అవకాశం ఉండేది. క్లింటన్ అధ్యక్షుడిగా ఉండగా 2000 మే 2న ఆ చెడగొట్టడం ఆపేశారు. ఉన్నట్టుండి అదే పరికరం పదింతలు కచ్చితంగా చూపించడం మొదలుపెట్టింది. ఆ మర్నాడే, మే 3న, డేవ్ ఉల్మర్ అనే కంప్యూటర్ కన్సల్టెంట్ ఆరెగాన్‌లో బీవర్‌క్రీక్ దగ్గరి అడవిలో ఒక నల్ల బకెట్‌ని సగం దాకా పాతిపెట్టి, దాని అక్షాంశ రేఖాంశాల్ని ఒక యూజ్‌నెట్ చర్చా బృందంలో రాశాడు. అందులో సాఫ్ట్‌వేర్, పుస్తకాలు, పంగలకర్ర, ఒక బీన్స్ డబ్బా పెట్టాడు. మూడు రోజుల్లోపే ఇద్దరు దాన్ని పట్టేశారు. ఆ సెప్టెంబరులో జెరెమీ ఐరిష్ అనే వెబ్ డెవలపర్ ఇప్పుడున్న వెబ్‌సైట్ మొదలుపెట్టినప్పుడు అందులో ఉన్న డబ్బాలు మొత్తం 75.

తమాషా ఏమిటంటే, ఇవాళ ఉల్మర్ అదే బకెట్ తెచ్చి ఆ వెబ్‌సైట్ వాళ్ళని అనుమతి అడిగితే ఇవ్వరు. స్థలం సొంతదారు ప్రత్యేకంగా ఒప్పుకుంటే తప్ప నేల తవ్వి పాతిపెట్టకూడదు, తినే వస్తువులు పెట్టకూడదు. రెండు రూల్సూ మొదటి డబ్బాయే తప్పింది.

దాచి వెతికే సరదా మాత్రం అంతకంటే చాలా పాతది. ఇంగ్లండ్‌లోని డార్ట్‌మూర్ బీడు నేలల్లో క్రాన్‌మియర్ పూల్ అనే మారుమూల చోట 1854లోనే ఒక గైడు సీసా పెట్టి, అంతదూరం నడిచి వచ్చినవాళ్ళు తమ విజిటింగ్ కార్డు అందులో వేసి వెళ్ళమన్నాడు. ఉపగ్రహాలు వచ్చాక ఆ సరదాకి చిరునామా దొరికింది, అంతే.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన భాగం. మంచి డబ్బా పెట్టడం ఎలా? ఫోన్ జీపీఎస్ ఆకాశం బాగా కనిపించే చోట నాలుగైదు మీటర్ల దాకా తీసుకెళ్తుంది. పెద్ద చెట్ల కింద, ఎత్తైన భవనాల మధ్య సంకేతం అటూ ఇటూ తగిలి వస్తుంది కాబట్టి ఇంకా ఎక్కువ తప్పుతుంది. అంటే ఉపగ్రహం మనల్ని సుమారు ముప్పై అడుగుల వలయంలో దింపేసి వెళ్ళిపోతుంది. డబ్బా పెట్టేవాడి తెలివంతా చూపించాల్సింది ఆ వలయంలోనే.

చాలామంది కొత్తవాళ్ళు ఇక్కడే దారి తప్పుతారు. దొరక్కుండా దాయడమే గొప్ప అనుకుని, చిటికెన వేలి గోరంత అయస్కాంతపు డబ్బీని తీసుకెళ్ళి దట్టమైన పొదలో పడేస్తారు. అలా దాయడానికి తెలివేమీ అక్కర్లేదు. పొదలో వెయ్యి కొమ్మలుంటాయి, వెతికేవాళ్ళు వెయ్యీ తిరగేస్తారు. నెల తిరిగేసరికి ఆ పొద ఉండదు, చుట్టూ గడ్డి చచ్చిపోయి కాలిబాట పడుతుంది. ఆటలో కష్టానికి ఒకటి నుంచి ఐదు దాకా రేటింగ్ ఇస్తారు. విసిగించినందుకు ఐదు తెచ్చుకోవడం నా దృష్టిలో లెక్కలోకి రాదు.

అదే ఒక చెక్క కంచె ఉందనుకోండి, ఇరవై స్తంభాలు, ఒక్కో స్తంభం మీద ఒక్కో టోపీ. కంచె సొంతదారుని అడిగి, మీరే ఇంకో స్తంభం, ఇంకో టోపీ తయారుచేసి కలిపారు. ఆ టోపీ మాత్రం తిప్పితే ఊడుతుంది. వచ్చినవాడు కంచె ముందు నిలబడి చూస్తాడు, ఏదీ తేడాగా కనిపించదు. కాసేపటికి, మిగతావన్నీ ఎండకీ వానకీ ఒకేలా వెలిశాయి కదా, ఇదొక్కటేమిటి నీడలో ఉండి కూడా ఇంతలా వెలిసింది అని అనుమానం వస్తుంది. చెయ్యి వేస్తాడు, వచ్చేస్తుంది. కళ్ళ ముందే ఉన్నదాన్ని ఇంతసేపు చూడలేదే అని తన మీద తనే నవ్వుకుంటాడు. పెట్టినవాడి మీద కోపం రాదు. నేను మంచి డబ్బాకి పెట్టుకున్న పరీక్ష ఇదొక్కటే: దొరికాక మనిషి నవ్వాలి, తిట్టుకోకూడదు.

కనుక్కోవడం ఒక సరదా అయితే తెరవడం ఇంకో సరదా. ఇక్కడ నాకు మహా ఇష్టమైనది నీళ్ళ పైపు. చిన్నప్పుడు మనందరం విన్న కాకి, కడవ కథే, కాకపోతే గులకరాళ్ళ బదులు నీళ్ళు. అడుగు మూసిన పీవీసీ పైపుని నిలువుగా బిగిస్తారు. లోపల తేలే గొట్టంలో లాగ్, అంటే పేర్లు రాసే కాగితం ఉంటుంది. పైపులో చెయ్యి పట్టదు, బోర్లించడానికి వీల్లేదు. నీళ్ళు పోస్తే గొట్టం తేలుకుంటూ పైకి వస్తుంది.

దీన్ని డిజైన్ చెయ్యడంలో లెక్క ఉంది. రెండంగుళాల వ్యాసం, రెండడుగుల పొడవు ఉన్న పైపు నిండాలంటే లీటరుంబావు దాకా నీళ్ళు పడతాయి. వాకింగ్‌కి వచ్చినవాళ్ళ చేతిలో అంత పెద్ద సీసా ఉండదు. అదే ఒకటిన్నర అంగుళం పైపైతే ముప్పావు లీటరు లోపే సరిపోతుంది. అడుగున సన్నటి చిల్లు తప్పకుండా పెట్టాలి, లేకపోతే నీళ్ళు నిలిచి దోమలు చేరతాయి, పైగా తరవాత వచ్చినవాడికి గొట్టం అప్పటికే తేలి కనిపిస్తుంది. ఆ చిల్లే ఆటలో భాగమైపోతుంది, ఎందుకంటే నీళ్ళు పోసేటప్పుడు దాన్ని వేలితో మూసి పట్టుకోవాలి. కొంతమంది పైపు చుట్టూ నాలుగైదు చిల్లులు పెడతారు. అప్పుడు ఒక్కడి వల్ల కాదు, అమ్మ ఒకటి, నాన్న ఒకటి, పిల్లలు మిగతావి మూసి పట్టుకోవాలి. అందరూ తడుస్తారు. తొందర్లో ఎవరో వేలు తీసేస్తారు, మళ్ళీ మొదటికొస్తుంది. పదమూడేళ్ళ పిల్లల్ని ఫోన్ జేబులో పెట్టించే ఉపాయాల్లో ఇంతకంటే మంచిది నేను చూడలేదు.

తేలే గొట్టం కోసం ఏవేవో కొనక్కర్లేదు. కూల్‌డ్రింక్ సీసాని ఊది పెద్దది చెయ్యక ముందు అది లావుపాటి టెస్ట్‌ట్యూబులా ఉంటుంది, మూత మామూలు సీసా మూతే. వాటిని విడిగా అమ్ముతారు. నీళ్ళు చొరవు, తేలుతుంది. మన వానలకి ఇంకో జాగ్రత్త: మామూలు నోట్‌బుక్ కాగితం నవంబరు దాటి బతకదు. ఇక్కడ టకోమాలోనే వానలో రాయగలిగే కాగితం తయారుచేస్తారు, అది వాడండి. లాగ్ ముద్దైపోయిన డబ్బాకి ఎంత గొప్ప డిజైన్ ఉన్నా ఒకటే.

కొన్ని డబ్బాల అసలు చోటు సూటిగా చెప్పరు, పజిల్ విప్పితేనే తెలుస్తుంది. మ్యాపులో కనిపించే గుర్తు ఉత్తుత్తిదే అయినా అసలు చోటు దానికి రెండు మైళ్ళ లోపే ఉండాలని నియమం. అంటే డిగ్రీలు ఎవరికైనా ముందే తెలిసిపోతాయి. ఇది లోపంలా కనిపిస్తుంది కానీ, తెలిసిన ఆ భాగాన్నే తాళంచెవిలా వాడుకోవచ్చు.

మన కటపయాది పద్ధతి ఉంది కదా. ఒక్కో హల్లుకి ఒక్కో అంకె. క, ట, ప, య ఒకటి, అక్కణ్ణుంచి వరసగా పెరుగుతాయి. వచ్చిన అంకెల్ని తిప్పి చదవాలి. కర్ణాటక సంగీతంలో 72 మేళకర్త రాగాల పేర్లలో వాటి వరస సంఖ్య ఇలాగే దాగి ఉంటుంది. సియాటెల్ అక్షాంశం 47 డిగ్రీలు. 47వ మేళకర్త సువర్ణాంగి. స ఏడు, వ నాలుగు, తిప్పితే 47. మన సరస్సు ఒడ్డున చాలా చోట్ల నిమిషాలు 38. 38వ మేళకర్త జలార్ణవం! ఈ ఊరికి ఇంతకంటే మంచి పేరు పెట్టగలమా? హైదరాబాదు 17, సూర్యకాంతం. విజయవాడ 16, చక్రవాకం. ఇంకా వినండి, ఉల్మర్ బకెట్ పెట్టిన చోటు 45 డిగ్రీల 17 నిమిషాల దగ్గర మొదలవుతుంది: శుభపంతువరాళి, సూర్యకాంతం.

నిమిషాల తరవాత దశాంశంలో వచ్చే చివరి మూడు అంకెలకి రాగాలు సరిపోవు, అక్కడ మామూలు మాటలు వాడుకోవచ్చు. తెలుగు అన్న మాటే తీసుకుంటే ఆరు, మూడు, మూడు, తిప్పితే 336. మన భాష రాని అమెరికన్ కూడా దీన్ని విప్పగలగాలి. వెబ్‌సైట్లో మన డబ్బా పేజీలో సువర్ణాంగి, జలార్ణవం అని ముందు పెడితే, వెతుక్కున్నవాడికి 47, 38 దొరుకుతాయి. అవి మ్యాపులో తనకి కనిపిస్తున్నవే, లేదా వాటికి బాగా దగ్గరివే కాబట్టి దారి సరైనదేనని ధైర్యం వస్తుంది, మూడో మాట మీద పడతాడు. ఏ ధైర్యమూ ఇవ్వని పజిల్ దగ్గర మనిషి ఎక్కువసేపు కూర్చోడు. పేజీలో సమాధానం సరిచూసుకునే ఏర్పాటు కూడా పెట్టండి, తప్పు లెక్క పట్టుకుని పక్కింటివాళ్ళ పెరట్లో తిరగకుండా ఉంటారు.

సూచన కూడా ఇవ్వవచ్చు. అది పదమూడు అక్షరాలు జరిపిన ఇంగ్లీషులో ఉంటుంది, ఏ బదులు ఎన్, బీ బదులు ఓ అలా. పిల్లలు చేత్తోనే విప్పేస్తారు. ఇచ్చే సూచన పనికొచ్చేదై ఉండాలి. అడవి మధ్యలో డబ్బా పెట్టి "చెట్టు దగ్గర చూడండి" అని రాసే మహానుభావులున్నారు.

ఇక కాస్త సీరియస్ సంగతి. 2011లో ఇంగ్లండ్‌లోని వెదర్‌బీ అనే ఊళ్ళో ఒక కెఫే బయట పెట్టిన చిన్న డబ్బాని చూసి బాంబనుకుని వీధి మూసేశారు, సైనిక బృందం వచ్చి దాన్ని పేల్చేసింది. అది జియోక్యాష్. స్కూళ్ళ దగ్గర, వంతెనల కింద, రైలు పట్టాల పక్కన పెట్టొద్దని చెప్పేది ఇందుకే. స్థలం ఎవరిదో వాళ్ళని అడగండి, డబ్బా మీద ఇది ఆట అని రాయండి. కరెంటు పెట్టెలా, స్విచ్ బోర్డులా కనిపించే నకిలీ పెట్టెలు నాకు అస్సలు నచ్చవు. చూడ్డానికి భలే ఉంటాయి కానీ, అవి అలవాటైన పిల్లలు రేపు నిజం కరెంటు పెట్టెకి స్క్రూడ్రైవర్ పెడతారు. మన గురించి ఇంకో మాట. మన రంగు మనిషి సాయంత్రం పూట ఒకరి కంచె దగ్గర వంగి తచ్చాడుతుంటే చూసేవాళ్ళకి టెన్షన్ రావచ్చు. ఎవరైనా అడిగితే దాచకుండా ఆట గురించి చెప్పేసి, ఫోన్లో మ్యాపు చూపించండి. సగం మంది వాళ్ళూ వెతకడానికి వచ్చేస్తారు.

ఎవరో చీటీ మీద రాసి పంపారు, డిసెంబరులో ఇండియా వెళ్తున్నాం, మా ఊళ్ళో ఒకటి పెట్టి రావచ్చా అని. సాధారణంగా ఒప్పుకోరు. డబ్బా తడిసినా, పోయినా వెళ్ళి బాగుచేసే మనిషి అక్కడ ఉండాలి. మీ తమ్ముడో మరదలో ఆ బాధ్యత తీసుకుంటానంటే అప్పుడు ఆలోచించవచ్చు. లేదంటే ఎర్త్‌క్యాష్ ఉంది. దానికి డబ్బా ఉండదు. భూమి తయారైన తీరు కనిపించే చోటుకి జనాన్ని పిలిచి, అక్కడ నిలబడి చూస్తే తప్ప జవాబు చెప్పలేని ప్రశ్నలు అడుగుతారు. 2004లో అమెరికా భూవిజ్ఞాన సంఘంతో కలిసి దీన్ని మొదలుపెట్టారు. విశాఖ దగ్గరి ఎర్రమట్టి దిబ్బలు, తిరుమల శిలాతోరణం, బెలుం గుహలు, బొర్రా గుహలు ఇలాంటి ప్రశ్నల కోసమే ఉన్నట్టుంటాయి. ఎర్రమట్టి దిబ్బల దగ్గరైతే, పైనున్న ఇసుకకీ వాన కోసిన గండిలో కింద కనిపించే ఇసుకకీ రంగులో తేడా చూసి, అది ఎందుకో రాయమనొచ్చు. ముందు ఆ చోటుని చూసుకునేవాళ్ళ అనుమతి తీసుకోవాలి, వచ్చిన జవాబులు మీరే చదివి సరిచూడాలి. అది ఇక్కడ కూర్చుని చెయ్యగల పనే.

బయట గడ్డిలో బల్ల దగ్గర మూడు డబ్బాలు ఏర్పాటు చేశాను. ఒకటి బల్ల మీదే ఉంది, ఇందాక లోపలికి వచ్చేటప్పుడు మీలో చాలామంది దాని పక్కనే కాఫీ కప్పులు పెట్టారు. పైపు దగ్గరికి నీళ్ళ సీసాలున్నవాళ్ళు ముందు రండి, నాలుగు చిల్లులున్నాయి కాబట్టి కనీసం ఇద్దరు ఉండాలి. పెన్ను మీరే తెచ్చుకోండి.