పంపులో మందు మార్చిన రోజు

శ్రోతలకు నమస్కారం.

నడుం నొప్పికి మనకు తెలిసిన మందులు మాత్రలు, బామ్, బెల్టు. ఆపరేషన్లు చేయించుకున్నా ఏళ్ల తరబడి వదలని నొప్పికి కొందరికి పంపు పెడతారు. అరచేతిలో ఇమిడే గుండ్రటి పంపు అది. పొట్ట దగ్గర చర్మం కింద ఉంటుంది. దాన్నుంచి సన్నటి గొట్టం వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలోకి వెళ్తుంది. మందు నేరుగా అక్కడికే చేరుతుంది కాబట్టి చిటికెడు చాలు. మార్ఫిన్ అనే బలమైన నొప్పి మందు నోటితో 300 మిల్లీగ్రాములు మింగాల్సిన చోట అక్కడ ఒక్క మిల్లీగ్రాము అని డాక్టర్లు ఉజ్జాయింపుగా లెక్క వేస్తారు.

ఒక్కోసారి ఆ మందు మార్చాల్సి వస్తుంది. మార్ఫిన్ ఒంటికి అలవాటు పడిపోతుంది, లేదా కాళ్లు వాస్తాయి, లేదా గొట్టం కొస దగ్గర చిన్న గడ్డ కడుతుంది. అప్పుడు వేరే మందు చూస్తారు. వాటిలో జికోనొటైడ్ అంటే నాకు భలే ఆశ్చర్యం. చేపల్ని వేటాడే ఒక సముద్రపు నత్త విషాన్ని చూసి ల్యాబులో తయారు చేసిన మందు. అమెరికాలో 2004లో అనుమతి వచ్చింది. మార్ఫిన్‌లా ఊపిరిని మందగింపజేయదు. కానీ డోసు తొందరగా పెంచితే మనిషి తికమకపడతాడు, లేనివి కనిపిస్తాయి. అందుకే మెల్లగా, చాలా మెల్లగా పెంచుతారు.

సరే, నేను చెప్పాలనుకున్నది మందు గురించి కాదు, గొట్టం గురించి. మిద్దె మీద ట్యాంకు కడిగించి కొత్త నీళ్లు పట్టినా, కుళాయి తిప్పగానే ముందు వచ్చేవి పైపులో నిలిచిన పాత నీళ్లే. ఇక్కడా అంతే. పంపులో కొత్త మందు, గొట్టంలో పాత మందు.

ఒక లెక్క చూద్దాం. మార్ఫినే, కానీ ఘాటు సగం చేశారు. మిల్లీలీటరుకి 20 మిల్లీగ్రాములు ఉండేది, ఇప్పుడు 10. రోజుకు అందాల్సింది 5. పాతది రోజుకు పావు మిల్లీలీటరు సరిపోయేది, కొత్తది అర కావాలి. మరి వెంటనే పంపు వేగం రెట్టింపు చేస్తే? గొట్టంలో ఉన్నది పాత మందు, ఘాటు మందు! 5 బదులు 10 మిల్లీగ్రాములు వెన్నులోకి పోతాయి. ప్రాణం మీదికి రావచ్చు. అందుకే పాత మందు ఖాళీ అయ్యేదాకా పాత వేగంతోనే నడిచేలా పంపుకి ప్రోగ్రాం పెడతారు. గొట్టంలో పట్టేది అర మిల్లీలీటరు లోపే అయినా, ఆ వేగంతో ఖాళీ కావడానికి ఒక రోజు దాటవచ్చు.

అంటే మందు మార్చిన పూట బాగానే ఉన్నారని నిశ్చింతగా ఉండకూడదు. ఆసుపత్రి నుంచి బయల్దేరేముందు ఒక్క ప్రశ్న అడగండి: "కొత్త మందు వెన్నులోకి ఎప్పటికి చేరుతుంది?" అడగడానికి మొహమాటం వద్దు. చెప్పిన టైము కాగితం మీద రాసుకోండి. అప్పటిదాకా, ఆ తర్వాత ఒక రోజు పాటు ఇంట్లో ఒకరు పక్కన ఉండాలి.

చెమటలు, ఆవులింతలు, విరేచనాలు మొదలైతే మార్ఫిన్ తగ్గిపోయిందేమోనని క్లినిక్‌కి ఫోన్ చేయండి. పిలిస్తే పలక్కపోయినా, ఊపిరి నెమ్మదించినా ఫోన్లు కాదు, అంబులెన్సే. ఎమర్జెన్సీలో అడుగు పెట్టగానే పంపు వివరాలుండే కార్డు చూపించి, పొట్టలో మందు పంపు ఉందని, మందు ఎప్పుడు మార్చారో, ఏది మార్చారో చెప్పండి.