దీపం తెచ్చినా పోని పాము

తమ్ముడు: అందరికీ నమస్కారం. ఈ వారం నాతో మాట్లాడేది మా అక్కే. మనస్తత్వశాస్త్రం పాఠాలు చెబుతుంది. అక్కా, ఆ ఫొటో చూసినప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు.

అక్క: ఉయ్యాల సంగతేనా?

తమ్ముడు: అదే. తాడు తెగి కింద పడింది నేనేనని 30 ఏళ్లుగా అందరికీ చెబుతున్నా. టప్పుమన్న చప్పుడు, నోట్లో మట్టి, అన్నీ గుర్తే. తీరా చూస్తే ఫొటోలో కట్టు నీ చేతికుంది! నేను పడనే లేదని అమ్మ కూడా అంది.

అక్క: నువ్వు పక్కనే నిలబడి ఉన్నావురా. తర్వాత ఆ కథ నేను ఎన్నిసార్లు చెప్పానో! విన్నప్పుడల్లా మనసులో బొమ్మ కట్టుకున్నావు. బొమ్మ మిగిలింది, ఎవరిదన్నది జారిపోయింది. 2001లో కవలల మీద వచ్చిన ఒక పరిశోధనలోనూ ఇంతే, ఒకే సంఘటనను ‘నాకే జరిగింది’ అని ఇద్దరూ పట్టుబట్టారు.

తమ్ముడు: అంటే ఇన్నాళ్లూ అబద్ధం చెప్పానా?

అక్క: ఆ మాట అనకు. అబద్ధం చెప్పేవాడికి నిజం తెలిసి ఉంటుంది. నీకు తెలియదుగా. మార్సియా జాన్సన్, కరోల్ రే అనే మనస్తత్వవేత్తలు 1981లోనే దీన్ని వివరించారు. ఇది చూసింది, ఇది ఊహించింది అని జ్ఞాపకాల మీద చీటీ అంటించి ఉండదు. రంగు, చప్పుడు, వాసన దండిగా ఉంటే జరిగిందేనని మనసు తీర్పు చెప్పేసుకుంటుంది. ఊహ కూడా అంత చిక్కగా ఉంటే? తీర్పు తప్పుతుంది.

తమ్ముడు: చిన్నతనం కాబట్టి అలా అయిందేమో.

అక్క: పెద్దవాళ్లకూ అవుతుంది. 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అనే పరిశోధకులు 150 మంది విద్యార్థులకు కారు ప్రమాదం ఫిల్మ్ చూపించారు. ‘కార్లు గుద్దుకున్నప్పుడు ఎంత వేగంతో ఉన్నాయి?’ అని 50 మందిని అడిగారు. ఇంకో 50 మందిని అదే ప్రశ్న ‘ఢీకొని నుజ్జయినప్పుడు’ అన్నంత గట్టి మాటతో అడిగారు. మిగతావాళ్లను వేగం అడగలేదు. వారం తర్వాత, పగిలిన గాజు చూశారా అంటే, మొదటివాళ్లలో 7గురు చూశామన్నారు. గట్టి మాట విన్నవాళ్లలో 16 మంది! ఫిల్మ్‌లో గాజు పగలనే లేదు. సాక్షిని ప్రశ్నించే గదిలో ఇలాంటి ఒక్క మాట పడితే ఏమవుతుందోనని తలచుకుంటే నాకు నిజంగా భయం వేస్తుంది.

తమ్ముడు: తాడును చూసి పామనుకున్నట్టే కదక్కా.

అక్క: ఆ పోలిక సగం దాకే కుదురుతుందిరా. దీపం తెస్తే పాము మాయమవుతుంది. నీకు ఫొటో దొరికింది, అమ్మా చెప్పింది. ఆ చప్పుడు వినిపించడం మానిందా?

తమ్ముడు: లేదు. ఇప్పుడు చెబుతుంటే కూడా నోట్లో మట్టి తగులుతోంది.