10 కిలోమీటర్లు దాటే ఓడని 7,000 మైళ్లు దాటించడం

అందరికీ నమస్కారం.

2022 జూన్‌లో కొచ్చిన్ షిప్‌యార్డ్ నుంచి రెండు కొత్త సరుకు ఓడలు నార్వేకి బయల్దేరాయి. పేర్లు ‘మారిట్’, ‘థెరీస్’. కొన్నది ఆస్కో మారిటైమ్. ఆస్కో అంటే నార్వేలో కిరాణా దుకాణాలకి టోకున సరుకు చేరవేసే సంస్థ. ఆస్లో ఫ్యోర్డుకి తూర్పున మాస్, పడమర హోర్టెన్. మధ్య నీళ్లు సుమారు 10 కిలోమీటర్లు. లారీల ట్రైలర్లు చుట్టూ రోడ్డు మీద తిరిగి వెళ్లే బదులు వాటిని ఇటునుంచి అటు దాటించడమే ఈ ఓడల పని. నర్సాపురం, సఖినేటిపల్లి మధ్య గోదావరి మీద పంటు చేసే పనే. కాకపోతే ఇక్కడ ఇంజన్‌కి బదులు బ్యాటరీ ఉంది, కొన్నాళ్లకి మనిషి లేకుండానే నడవాలన్నది లక్ష్యం.

ఒక్కో ఓడ పొడవు 67 మీటర్లు, బ్యాటరీ సామర్థ్యం 1,846 కిలోవాట్ అవర్లు. పూర్తి లోడుతో ఉన్న 16 ట్రైలర్లు ఒకేసారి ఎక్కుతాయి. ఏడాదికి 20 లక్షల కిలోమీటర్ల లారీ ప్రయాణం, 5,000 టన్నుల కార్బన్ డయాక్సైడ్ తగ్గుతాయని సంస్థ అంచనా. ఈ అంకెలన్నీ పత్రికల్లో వచ్చాయి. ఇంజనీర్లకి అసలు ఆసక్తి కలిగించే ప్రశ్న మాత్రం వేరు: 10 కిలోమీటర్ల కోసం గీసిన ఓడని కొచ్చి నుంచి నార్వే దాకా, దాదాపు 7,000 నాటికల్ మైళ్లు, ఎలా చేర్చాలి? ఆ ఓడ తన జీవితమంతటిలో చూడబోయే అతి పెద్ద అలలు, అతి పెద్ద ఊపులు ఈ ఒక్క ప్రయాణంలోనే ఎదురవుతాయి. అందుకే దీన్ని చివర్లో చూసుకునే రవాణా పనిగా తీసుకోకూడదు. డిజైన్ మొదటి రోజునే లెక్కలోకి రావాల్సిన లోడు ఇది.

ముందు, సొంతంగా నడిచి వెళ్లగలదా అని చూద్దాం. ఓ ఉజ్జాయింపు లెక్క వేయండి. 10 నాట్ల (గంటకి 10 నాటికల్ మైళ్ల) వేగానికి 500 కిలోవాట్లే ఖర్చవుతాయనుకున్నా, 1,846ని 500తో భాగిస్తే నాలుగు గంటలు కూడా రాదు. అంటే 37 మైళ్లు. కొచ్చి నుంచి లక్షద్వీప్‌కి కూడా చేరదు. డీజిల్ ఫెర్రీ అయితే కథ వేరు. ఫిన్లాండ్ ఓడల సంస్థ ఫిన్‌లైన్స్ కోసం నాన్‌జింగ్‌లో కట్టిన ‘ఫిన్నెకో 1’ లాంటి 238 మీటర్ల ఓడలు చైనా నుంచి యూరప్‌కి సొంత ఇంజన్ల మీదే వెళ్లాయి. నదులకీ తీరానికీ కట్టిన చిన్న డీజిల్ ఫెర్రీని పంపాలన్నా దారి ఉంది. లోడ్‌లైన్ ఒడంబడిక (ఓడ ఎంతవరకు మునగొచ్చో చెప్పేది) 6వ ఆర్టికల్, సోలాస్ (సముద్రంలో ప్రాణభద్రత ఒడంబడిక) మొదటి అధ్యాయం 4వ నిబంధన ప్రకారం, మామూలుగా విదేశీ ప్రయాణాలు చేయని ఓడకి ఒక్క ప్రయాణం కోసం జెండా దేశం, అంటే ఓడ నమోదైన దేశం, మినహాయింపు ఇవ్వవచ్చు. అయితే ఆ మినహాయింపు ఉత్తినే రాదు. ఓడ ముందు భాగంలో బండ్లు ఎక్కే ర్యాంపు చుట్టూ నీళ్లు చొరకుండా తాత్కాలికంగా ఉక్కు రేకులు వెల్డ్ చేయాలి. కిటికీలకి బయట నుంచి ఉక్కు పలకలు బిగించాలి. అదనపు ఇంధనం ట్యాంకులు, లైఫ్‌రాఫ్టులు, సముద్రయానానికి సర్టిఫికెట్లున్న సిబ్బంది కావాలి. ఇలాంటి ఓడలు దారిలో దెబ్బతినేది ఎక్కువగా ర్యాంపు దగ్గరే. ముందు భాగం చదునుగా ఉండడంతో ప్రతి అల చప్పుడుతో వచ్చి కొడుతుంది. ర్యాంపు హింజ్ పిన్నులు, రబ్బరు సీళ్లు ఆ దెబ్బలకి తయారైనవి కావు.

రెండో దారి టగ్గుతో లాక్కెళ్లడం. ఖర్చు తక్కువలా కనిపిస్తుంది. టగ్గు సగటున 6 నాట్లు లాగితే 7,000 మైళ్లకి 48 రోజులు దాటుతుంది. అన్ని రోజులూ మనుషుల్లేని ఓడ మోకు చివర ఊగుతూ ఉంటుంది. లోపల ఎక్కడైనా నీళ్లు కారినా చూసేవాడు ఉండడు. పైగా బ్యాటరీ ఓడ. బ్యాటరీ గదిలో ఉష్ణోగ్రత, తేమ ఎంతుందో టగ్గులో కూర్చున్నవాళ్లకి తెలిసే మార్గం తక్కువ.

కాబట్టి మిగిలింది మూడోది, ఓడని ఓడ మీద ఎక్కించడం. ‘యాట్ సర్వెంట్’ అనే సగం మునిగే భారీ వాహక నౌకని ఇందుకు తెచ్చారు. సుమారు 214 మీటర్ల పొడవు, 46 మీటర్ల వెడల్పు. ఖరీదైన విహార నౌకల్ని మోయడానికి కట్టినది. దాని ట్యాంకుల్లో నీళ్లు నింపి 8.9 మీటర్లు ముంచారు. తేలుతున్న రెండు ఓడల్నీ, ఒక్కోటి 600 టన్నులు, దాని డెక్కు మీదికి లాగి, మళ్లీ నీళ్లు తోడి పైకి లేపారు. మొత్తం పనికి 8 గంటలు పట్టింది. ఆ 8 గంటల వెనక ఉండే పనిని కాస్త దగ్గరగా చూద్దాం.

మొదటిది దిమ్మెలు. మోసే ఓడ డెక్కు మీద, పైకెక్కే ఓడ అడుగున ఫ్రేములు (పక్కటెముకల్లాంటి ఉక్కు చట్రాలు), బల్క్‌హెడ్లు (లోపలి అడ్డగోడలు) ఎక్కడున్నాయో సరిగ్గా అక్కడే కలప దిమ్మెలు పరుస్తారు. ఫ్రేము నుంచి 10 సెంటీమీటర్లు పక్కకి పోయినా బరువు పలుచని అడుగు పలక మీద పడి అది సొట్టపోతుంది. మెత్తని కలప మీద చదరపు సెంటీమీటరుకి 20 కిలోలకి మించకుండా చూస్తారు. 600 టన్నులకి లెక్క కడితే 3 చదరపు మీటర్ల దిమ్మె చాలని వస్తుంది. కానీ ఓడ ఊగేటప్పుడు బరువంతా ఒక పక్కకి ఒరుగుతుంది, దిమ్మెలన్నీ ఒకే ఎత్తులో ఉండవు. అందుకని దానికి ఎన్నో రెట్లు పరుస్తారు. దిమ్మెల్ని డెక్కుకి గట్టిగా బిగించడం మరిస్తే, మునిగినప్పుడు కలప తేలిపోతుంది. నీళ్ల కింద ఏ దిమ్మె కదిలిందో పైనుంచి కనిపించదు. కొచ్చి రేవులో, అదీ వానాకాలం బురదనీళ్లలో, డైవర్ దిగినా చేత్తో తడిమి చూడాల్సిందే. అందుకే నీటిమట్టానికి పైకి కనిపించేలా గైడు స్తంభాలు ముందే వెల్డ్ చేసి ఉంచుతారు. లోపలికి వచ్చే ఓడ వాటికి ఆని నిలిస్తే, అడుగున దిమ్మెల మీద సరిగ్గా ఉన్నట్టు లెక్క.

రెండోది నీటి సాంద్రత. తేలిగ్గా తీసుకునే విషయమిది, నిజానికి ఇక్కడే తప్పులు జరుగుతాయి. కొచ్చి రేవు బ్యాక్‌వాటర్లలో ఉంది. జూన్‌లో నదులు పొంగి వాటిలోకి మంచినీళ్లు వస్తాయి. సముద్రపు నీటి సాంద్రత 1.025 అయితే, వరద రోజుల్లో పైపొరలో అది 1.000కి దగ్గరవుతుంది. తేడా రెండున్నర శాతం. 20,000 టన్నుల నీటిని తొలగించే ఓడకి అది 500 టన్నుల తేడా. సముద్రపు నీటి పట్టికలు పట్టుకుని బ్యాలస్ట్ (ముంచడానికి ట్యాంకుల్లో నింపే నీళ్లు) లెక్క వేస్తే, డెక్కు అనుకున్న లోతు దగ్గర ఆగకుండా దిగిపోతుంది. కింద ఒండ్రు ఉంటే అడుగు తాకవచ్చు. అందుకని హైడ్రోమీటర్‌తో పైన, మధ్యలో, కింద నీళ్లు తీసి కొలవాలి. పోటు మీద ఒకసారి, పాటు మీద ఒకసారి కొలవాలి. ఒండ్రు నీళ్లు బ్యాలస్ట్ ట్యాంకుల్లోకి వెళ్తే అడుగున బురద పేరుకుంటుంది. ప్రయాణం పొడవునా ఆ బరువు అక్కడే ఉంటుంది.

మూడోది అన్నిటికన్నా ప్రమాదకరమైన ఘట్టం. డెక్కు పూర్తిగా మునిగి ఉన్నప్పుడు, మోసే ఓడని నిటారుగా నిలబెట్టేది నీటిమట్టం దగ్గరున్న గోపురాల వైశాల్యం మాత్రమే, అంటే ముందున్న గదుల భాగం, వెనక నిలబెట్టిన ఉక్కు పెట్టెలు. ట్యాంకుల్లో సగం నిండిన నీళ్లు అటూ ఇటూ పారుతూ స్థిరత్వాన్ని ఇంకా తగ్గిస్తాయి. అందుకే ఒక ట్యాంకు పూర్తిగా నిండాకే, లేదా పూర్తిగా ఖాళీ అయ్యాకే ఇంకోటి ముట్టుకుంటారు. మెటాసెంట్రిక్ ఎత్తు (ఒరిగిన ఓడ మళ్లీ నిటారుగా లేచే శక్తికి కొలత) సాధారణంగా 1 మీటరుకి తగ్గకుండా చూస్తారు. ఇదే సమయంలో, పైకెక్కే ఓడ దిమ్మెల మీద కూర్చోవడం మొదలుపెట్టగానే దాన్ని మోసే నీళ్లు తగ్గుతాయి, దాని సొంత స్థిరత్వం కూడా పడిపోతుంది. అది వెనక్కి ఒరిగి ఉంటే మొదట వెనక దిమ్మె ఒక్కటే బరువు మోస్తుంది. కాబట్టి రెండింటి వాలునీ సెంటీమీటర్ల లెక్కన ముందే కలపాలి. డెక్కుని అంతా ఒక్కసారే బయటికి రానివ్వకుండా, కొంచెం వాల్చి, ఒక చివర నుంచి మెల్లగా పైకి తెస్తారు. గాలి 15 నాట్లు దాటితే చాలాచోట్ల పని ఆపేస్తారు. తొందర పడడానికి వీల్లేని పని ఇది. వాన జోరుగా ఉన్నా, టగ్గుల అద్దె గంటగంటకీ పెరుగుతున్నా, ఆపే అధికారం వారంటీ సర్వేయర్ (బీమా తరఫున పనిని పరిశీలించే నిపుణుడు) చేతిలో ఉండి తీరాలి.

డెక్కు ఆరాక ఓడల్ని కదలకుండా బిగించడం మొదలవుతుంది. ఇక్కడ లెక్క చెప్పి తీరాలి. పెద్ద వాహక నౌకలకి వాడుకలో ఉన్న ప్రమాణం: 10 సెకన్ల వ్యవధిలో 20 డిగ్రీల ఊపు. 20 డిగ్రీలు ఒరిగినప్పుడు బరువులో 34 శాతం పక్కకి తోస్తుంది. ఊపు వల్ల పుట్టే త్వరణం, తిరిగే కేంద్రం నుంచి 12 మీటర్ల ఎత్తులో, ఇంకో 17 శాతం. రెండూ కలిపి సగానికి పైనే. 600 టన్నుల ఓడకి పక్కకి తోసే బలం 300 టన్నులు దాటుతుంది. గాలి దీనికి అదనం. ఒక్కో పక్క 6 ఉక్కు ఆపులు పెడితే ఒక్కోటి 50 టన్నులకి పైగా ఆపాలి. ఆపుల్ని మోసే ఓడ డెక్కుకే వెల్డ్ చేయాలి. కొత్త ఓడ ఒంటికి వెల్డ్ చేస్తే లోపలి పక్క రంగు కాలిపోతుంది, ఆ చోటే తర్వాత తుప్పు పడుతుంది. గట్టి చోట్లు ఎక్కడుండాలో డ్రాయింగులోనే గీసి ఉంటే ఈ తిప్పలు ఉండవు.

వెల్డింగ్ ఎర్త్ కేబుల్ గురించి ఒక మాట. దాన్ని ఎక్కడో దూరంగా బిగిస్తే, కరెంటు షాఫ్టు బేరింగుల గుండా, సెన్సర్ల గుండా దారి వెతుక్కుంటుంది. బేరింగు మీద సన్నటి గుంటలు పడతాయి. అప్పటికి ఏమీ తెలియదు. నార్వేలో ఓడ నడిచిన కొన్ని నెలలకి శబ్దం మొదలవుతుంది. వెల్డ్ చేసే చోటుకి మీటరు లోపలే ఎర్త్ బిగించాలని పని పర్మిట్‌లో రాయాలి, రాసినదాన్ని ఒకరు వెళ్లి చూడాలి. బ్యాటరీ గది గోడకి దగ్గరలో నిప్పుపని జరిగితే లోపల కూడా ఒక మనిషి కాపలా ఉండాలి.

ఇక నెల రోజుల ప్రయాణంలో మోసుకెళ్తున్న ఓడకి కావలసినవి. అది నీళ్లలో లేదు కాబట్టి దాని ఫైర్ పంపుకి సముద్రపు నీళ్లు అందవు. మోసే ఓడ ఫైర్ లైన్ నుంచి గొట్టం కలపాలి. బ్యాటరీ కాపలా వ్యవస్థకి, చల్లదనానికి, తేమ తీసే యంత్రానికి కరెంటు కావాలి. సముద్ర ఓడల్లో సాధారణంగా 440 వోల్టులు, 60 హెర్ట్జ్ ఉంటుంది. యూరప్ ఫెర్రీలకి 400 వోల్టులు, 50 హెర్ట్జ్. ఇది లోడింగ్ రోజున తెలిస్తే ఆలస్యమే. కన్వర్టర్ ముందే తెప్పించాలి. ప్రొపెల్లర్ షాఫ్టుని తాళం వేసి ఉంచితే, మోసే ఓడ ఇంజన్ కంపనాలకి బేరింగు గుండ్లు ఒకేచోట రుద్దుకుని అచ్చులు పడతాయి. వారానికోసారి కాస్త తిప్పి మళ్లీ బిగించాలి. డెక్కు మీది నీటి తూములు మూసుకుపోకుండా చూడాలి. 67 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు డెక్కు మీద 10 సెంటీమీటర్ల వాననీళ్లు నిలిస్తే 100 టన్నులు. ఆపుల్ని, దిమ్మెల్ని 600 టన్నులకి లెక్కగట్టారు, 700కి కాదు. అడుగున వేసిన నాచు పట్టని రంగుకి కూడా గాలిలో ఎన్నాళ్లు ఉండవచ్చో పరిమితి ఉంటుంది. తయారీదారు కాగితంలో అది చూసుకోవాలి.

దారి సంగతి. జూన్, జులైలలో అరేబియా సముద్రంలో నైరుతి రుతుపవనం పూర్తి బలంతో ఉంటుంది. సోమాలియా తీరం వైపు నుంచి వచ్చే పెద్ద అలలు ఏడెన్‌కి వెళ్లే ఓడని ఎడమ పక్క నుంచి కొడతాయి. డెక్కు మీద బరువున్న ఓడకి ఇది మంచిది కాదు. అందుకే ఈ కాలంలో పడమరకి వెళ్లే ఓడలు ముందు దక్షిణంగా దిగి, మినికాయ్, మాల్దీవుల మధ్య 8 డిగ్రీల చానెల్ దాటి, తర్వాత మెల్లగా పైకి తిరగడం పాత పద్ధతి. మైళ్లు పెరుగుతాయి, ఊపు తగ్గుతుంది. మొదటి రెండు రోజులు ఊగాక కలప నొక్కుకుపోయి ఆపుల దగ్గర సందులు వస్తాయి. ఆ సందుల్లో చీలలు మళ్లీ బిగించాలి. సందు 5 మిల్లీమీటర్లున్నా సరే, ప్రతి ఊపుకీ 600 టన్నులు అంతమేర కదిలి గుద్దుకుంటాయి, వెల్డులు పగుళ్లివ్వడం అక్కడే మొదలవుతుంది. ఎర్ర సముద్రం, సూయెజ్, మధ్యధరా దాటాక మళ్లీ జాగ్రత్తగా ఉండాల్సింది బిస్కే అఖాతంలో.

నార్వేలో దించడం ఎక్కించినదానికి తలకిందులు. ఆపులు కోస్తారు, మోసే ఓడని ముంచుతారు, పైనున్న ఓడ తేలుతుంది. తేలడం మొదలైన తొలి నిమిషాల్లో ప్రతి కంపార్ట్‌మెంట్‌లో లైటు పట్టుకుని ఒక మనిషి ఉండాలి. నెల రోజులు ఎండిన షాఫ్టు సీళ్లు, సముద్రపు నీటి వాల్వులు మొదట కారేది అప్పుడే. చుక్క కనిపిస్తే ముంచడం ఆపమని వాకీటాకీలో చెప్పే వీలుండాలి. ఓడ పూర్తిగా తేలాక కనిపెడితే, మళ్లీ దిమ్మెల మీదికి తేవడానికి ఇంకో 8 గంటల పని.

అక్కడి నుంచి రేవు పరీక్షలు, చార్జింగ్ అమరిక, తనంతట తాను నడిచే పరికరాల బిగింపు, ముందు సిబ్బందితోనే రాకపోకలు. ఒడ్డున కూర్చుని నడిపే బాధ్యత మాస్టర్లీ అనే సంస్థది. విశాఖలో గానీ ఇంకెక్కడ గానీ ఇలాంటి బ్యాటరీ ఓడలకి టెండర్ వేసే యార్డులు మొదటి ధర రాసేటప్పుడే మూడు కాగితాలు జతచేయాలి: అడుగు దిమ్మెల డ్రాయింగు, పక్కలకి ఆపులు ఆనించే గట్టి చోట్ల డ్రాయింగు, ప్రయాణంలో కావలసిన కరెంటు లెక్క. కట్టే క్రమంలో ఓడ బరువు, గరిమనాభి (బరువు కేంద్రం) ఎత్తు మారతాయి కాబట్టి, లోడింగ్‌కి వారం ముందు ఓడని మళ్లీ వాల్చి చూసి కొలిచిన అంకెలే వాహక నౌక ఇంజనీరుకి పంపాలి, డిజైన్ అంకెలు కాదు.