చప్పట్లు కొట్టిన అనంతపురమే కరెక్ట్!

ఒక్క మాట సూటిగా చెప్తా. ఆ రోజు ఆ హాల్లో సంగీతాన్ని సరిగ్గా విన్నది చప్పట్లు కొట్టినవాళ్ళే. వద్దన్నవాళ్ళు కాదు. ఈ వీడియో అయ్యేలోపు ఇదే మాట ఇంకో నాలుగుసార్లు అంటా, ఓపిక పట్టండి.

క్లిప్ మీరందరూ చూసే ఉంటారు, అందరి ఫోన్లలో అదే తిరుగుతోంది. చూడనివాళ్ళకి అర నిమిషంలో చెప్పేస్తా. మన అనంతపురంలో క్లారినెట్, చెల్లో (కూర్చుని వాయించే పెద్ద వయొలిన్ లాంటిది), పియానో ముగ్గురు కలిసి పాశ్చాత్య సంగీత కచేరీ చేశారు. మొదట బీథోవెన్ రాసింది, విరామం తర్వాత బ్రామ్స్ రాసింది. ఇద్దరూ పాతకాలం జర్మన్ సంగీతకర్తలు. బీథోవెన్‌లో మొదటి భాగం అయిపోగానే వెనక వరసల్లోంచి చప్పట్లు. రెండో భాగం అయ్యాక ఒక పెద్దాయన గొంతెత్తి "వన్స్ మోర్" అన్నాడు. అంతే, నిర్వాహకుల్లో ఒకాయన మైకు తీసుకుని "దయచేసి మధ్యలో చప్పట్లు కొట్టకండి, ఇది డ్రామా కాదు" అన్నాడు. ముందు వరసలో కొందరు వెనక్కి తిరిగి చూసిన చూపు క్లిప్పులో స్పష్టంగా ఉంది. ఇక దాని కింద రాతలు: సీమ వాళ్ళకి ఇవన్నీ ఎందుకు, వీళ్ళకి ముందు వినడం నేర్పాలి అని.

నేను ఆ హాల్లోనే ఉన్నా. వెనక వరసల్లో కూర్చున్నది ఎవరో తెలుసా? పెళ్ళిళ్ళకి వాయించే బ్యాండు వాళ్ళు. క్లారినెట్ కచేరీ అని తెలిసి, పని మానుకుని వచ్చారు. మన ఊళ్ళలో పెళ్ళి ఊరేగింపు కదిలితే డ్రమ్ములు దరువు వేస్తాయి, కానీ పాటని మోసేది క్లారినెట్. ఎండలో, దుమ్ములో, నడుస్తూ, ఊపిరి ఆపకుండా వాయిస్తారు వాళ్ళు. ఆ కర్రగొట్టంలోంచి మెత్తటి స్వరం తీయడం ఎంత కష్టమో, రీడు (ఊదితే కంపించే పలచటి పుల్ల) మాట వినకపోతే ఎంత టెన్షనో వాళ్ళకి తెలుసు. ఆ రోజు హాల్లో క్లారినెట్ గురించి అందరికన్నా ఎక్కువ తెలిసినవాళ్ళని పట్టుకుని "మీకు వినడం రాదు" అన్నారు! నా కోపం అక్కడ మొదలైంది.

సరే, అసలు బీథోవెన్ ఏం వాయించాడు, ఎవరికోసం వాయించాడు? ఆ రోజు విన్నది ఆయన ఓపస్ 11 (అంటే ఆయన రచనల్లో 11 నంబరుది), బి ఫ్లాట్ మేజర్ ట్రియో. ట్రియో అంటే ముగ్గురు వాయించేది. 1798లో అచ్చయింది. దాని మూడో భాగం ఎక్కడ నుంచి వచ్చిందో తెలుసా? ఆస్ట్రియాలోని వియన్నాలో 1797లో వైగల్ అనే ఆయన ఒక కామెడీ ఒపెరా, అంటే పాటల నాటకం, చేశాడు. అందులో ఒక పాట సూపర్ హిట్. వీధిలో పోయేవాళ్ళు, పనివాళ్ళు, అందరి నోటా అదే. బీథోవెన్ ఆ హిట్ పాట బాణీ తీసుకుని దానిమీద తొమ్మిది రకాలుగా ఆడుకున్నాడు. ఒకసారి పియానో ఒక్కటే వాయిస్తుంది. వెంటనే పియానో ఆగిపోయి క్లారినెట్, చెల్లో రెండే ఒకదాని వెంట ఒకటి తరుముకుంటాయి. అందుకే ఈ ట్రియోకి జర్మన్లో "వీధి పాట" అనే ముద్దుపేరు పడింది. వీధి పాట అండీ! దాన్ని ఊపిరి బిగబట్టి, చేతులు కట్టుకుని వినాలంట. ఎవరు పెట్టారు ఈ రూలు?

బీథోవెన్ అయితే పెట్టలేదు. 1813 డిసెంబర్‌లో వియన్నాలో ఆయన ఏడో సింఫనీ (పెద్ద వాద్యబృందం వాయించే రచన) మొదటిసారి వాయించారు. రెండో భాగం అయ్యాక జనం కదలనివ్వలేదు, ఇంకోసారి వాయించాల్సిందే అన్నారు. వాయించారు. అంటే ఏంటి? వన్స్ మోర్! అనంతపురంలో ఆ పెద్దాయన అన్నమాటే, రెండువందల ఏళ్ళ కింద వియన్నా జనం బీథోవెన్ కళ్ళెదుటే అన్నారు. సింఫనీ మధ్యలో అన్నారు. ఎవరూ మైకు తీసుకుని తిట్టలేదు.

ఇంకా వెనక్కి పోదాం. 1778, పారిస్. మొజార్ట్ అనే ఇంకో సంగీతకర్త తన కొత్త సింఫనీ గురించి నాన్నకి ఉత్తరం రాశాడు. మొదటి భాగం మధ్యలో ఒక చోట జనానికి నచ్చి తీరుతుందని తనకి ముందే తెలుసంట. అక్కడికి రాగానే చప్పట్లు మోగాయి. భాగం పూర్తయ్యాక కూడా కాదు, వాయిస్తుండగానే! ఆయన బాధపడ్డాడా? సంతోషం పట్టలేక, కచేరీ అవ్వగానే పోయి ఐస్‌క్రీమ్ తిన్నాడు. అదే ఉత్తరంలో ఇంకో ముక్క ఉంది, నాకు చాలా ఇష్టం. చివరి భాగం మెల్లగా రెండు వయొలిన్ల గుంపులతో మొదలవుతుంది. అప్పుడు జనమే ఒకరికొకరు "ష్" అని చెప్పుకున్నారంట. ఎప్పుడు అరవాలో, ఎప్పుడు నోరు మూసుకోవాలో వాళ్ళకి వాళ్ళే తెలుసుకున్నారు.

మన పద్య నాటకం చూడండి. ఊళ్ళో రాత్రంతా నడిచే నాటకం. నటుడు రాగం తీస్తున్నంతసేపు పిల్లాడు కూడా నోరు మెదపడు. హార్మోనియం ఆయన గొంతుని వెంబడిస్తూ ఉంటుంది. రాగం దించాడా, ఇక వన్స్ మోర్, వన్స్ మోర్! అదే పద్యం మళ్ళీ పాడాల్సిందే. "ఇది డ్రామా కాదు" అన్నారే, ఆ డ్రామానే ఈ నేల మీద చెవులు తయారుచేసింది. సురభి నాటకాలు 1885లో పుట్టింది కడప జిల్లాలో. అన్నమయ్య పుట్టిన తాళ్ళపాక ఎక్కడుంది? పాత కడప జిల్లాలోనే. ఆ అన్నమయ్య కీర్తనల్ని రాగి రేకుల్లోంచి తీసి, ఎన్నిటికో స్వరాలు కట్టిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు మన అనంతపురం జిల్లా మనిషి. 1893లో పుట్టారు. ఈ నేలకి వినడం రాదా?

ఇక్కడ ఒక కథ చెప్పకుండా ముందుకి పోలేను. ఈ ఓపస్ 11 మీదే. 1800లో వియన్నాలో ఒక జమీందారు ఇంట్లో బీథోవెన్ ఈ ట్రియో వాయించాడు. స్టైబెల్ట్ అని ఇంకో పియానో వీరుడు అక్కడే ఉన్నాడు. ఏదో చిన్నపిల్లాడిని మెచ్చుకున్నట్టు నాలుగు మాటలన్నాడు. వారం తర్వాత మళ్ళీ అదే ఇంట్లో, కావాలనే అదే హిట్ పాట బాణీ తీసుకుని తన ప్రతాపం చూపించాడు. బీథోవెన్‌కి మండింది. పియానో దగ్గరికి పోతూ పోతూ స్టైబెల్ట్ రాసిన కాగితాల్లోంచి చెల్లో కాగితం లాక్కుని, తలకిందులుగా పెట్టి, ఒక్క వేలితో ఆ స్వరాలు టకటకా కొట్టి, దాని మీదే అల్లుకుంటూ పోయాడు. ఆయన పూర్తిచేసేలోపే స్టైబెల్ట్ గదిలోంచి వెళ్ళిపోయాడు, బీథోవెన్ ఉండే చోటికి ఇక పిలవొద్దన్నాడు. బీథోవెన్ శిష్యుడు రీస్ చెప్పిన కథ ఇది. పందెం కోళ్ళ బరిలా ఉండేది ఆ గది! ఆ గదిలో పుట్టిపెరిగిన సంగీతానికి మనం ఇప్పుడు గుడి మౌనం తొడుగుతున్నాం.

మరి ఈ మౌనం ఎప్పుడు వచ్చింది? నా లెక్క ఇది. సంగీతం కోసం రాలేదు, హోదా కోసం వచ్చింది. 1882లో వాగ్నర్ అనే జర్మన్ సంగీతకర్త ఒపెరా ఒకటి మొదటిసారి ఆడినప్పుడు, మధ్యలో నటుల్ని తెర ముందుకి పిలవొద్దన్నాడు. జనం దాన్ని అసలు చప్పట్లే వద్దన్నట్టు తీసుకున్నారు. ఎంతదాకా పోయిందంటే, తర్వాత ఒక రోజు వాగ్నరే "బ్రావో" అని అరిస్తే పక్కవాళ్ళు ఆయన్నే కసిరారు! 1929లో అమెరికాలో స్టొకోవ్‌స్కీ అనే కండక్టర్ (వాద్యబృందాన్ని నడిపించే ఆయన) చప్పట్లే మానేయమన్నాడు. అలా అలా, ఎప్పుడు కొట్టాలో తెలిసినవాడు పెద్దమనిషి, తెలియనివాడు పల్లెటూరివాడు అనే గీత పడింది. ఆ గీతనే ఆ రోజు అనంతపురం హాల్లో గీశారు.

"బ్రామ్స్ అలా కాదు కదా, గంభీరం కదా" అని ఒకరు నాతో వాదించారు. బ్రామ్స్ గురించే చెప్తా. 1890లో ఇక రాయను అనుకున్న మనిషి. 1891లో జర్మనీలోని మైనింగెన్ ఊళ్ళో మ్యూల్‌ఫెల్ట్ అనే ఆయన క్లారినెట్ విన్నాడు. ఆ వాయించిన ఆయన మొదట వయొలిన్ మనిషి, క్లారినెట్ చాలావరకు సొంతంగా నేర్చుకున్నాడు. మన బ్యాండుల్లో అలా నేర్చుకున్నవాళ్ళు ఎంతమంది లేరు! ఆ ఒక్క మనిషి ఊపిరి విని బ్రామ్స్ మళ్ళీ కలం పట్టాడు, ఆ ఎండాకాలమే, మన హాల్లో విరామం తర్వాత వాయించిన ఆ ట్రియో రాశాడు. అదే బ్రామ్స్ 1897 మార్చిలో, జబ్బుతో, తన నాలుగో సింఫనీ వినడానికి వియన్నా హాలుకి వచ్చాడు. ప్రతి భాగం తర్వాత, ప్రతి భాగం తర్వాత అండీ, జనం చప్పట్లు కొట్టారు. ఆయన హాలు పక్కనుండే ప్రత్యేక గదిలో (బాక్సులో) నిలబడి కన్నీళ్ళు పెట్టుకున్నాడు. నెల తిరక్కుండా చనిపోయాడు. ఆ రోజు ఎవరైనా "మధ్యలో కొట్టకండి" అని ఉంటే?

మైకులో చెప్పాక ఏమైందో క్లిప్పులో లేదు, నేను చెప్తా. మూడో భాగం వచ్చింది, ఆ వీధి పాట. తొమ్మిది రకాలుగా నవ్వించే పాటని జనం బిగుసుకుపోయి విన్నారు. అయిపోయాక ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు, ఇప్పుడు కొట్టొచ్చా అని. విరామంలో బ్యాండు వాళ్ళలో సగం మంది వెళ్ళిపోయారు. బ్రామ్స్ వినకుండానే! వాళ్ళ వాయిద్యం కోసం రాసిన సంగీతం వినకుండానే! నాకు ఇప్పటికీ మండుతోంది.

నిర్వాహకులకి నేరుగా చెప్తున్నా. ఆ ముగ్గుర్ని మళ్ళీ పిలవండి. ముందు రెండు వరసలు బ్యాండు వాళ్ళకి ఇవ్వండి, టికెట్ లేకుండా. ఓపస్ 11 మళ్ళీ పెట్టండి, మైకు తీసి పక్కన పెట్టండి. ఇక బ్యాండు అన్నలకి: ఆ మూడో భాగం బాణీ మీ క్లారినెట్ మీద, మీ డ్రమ్ములతో, మీకు నచ్చినట్టు వాయించి నాకు పంపండి. వచ్చినవన్నీ ఈ ఛానల్లో పెడతా, మొదట పంపినవాళ్ళది మొదట.