బొడ్డుతాడు తెగిన తరువాతి గంటల కోసం

సభకు నమస్కారం.

గర్భంలో ఉన్నన్నాళ్లూ శిశువుకు మాయ ద్వారా రాత్రింబవళ్లు ఎడతెగకుండా గ్లూకోజు అందుతూనే ఉంటుంది. బొడ్డుతాడును బిగించి కత్తిరించగానే అది ఆగిపోతుంది. తల్లిపాలు సమృద్ధిగా పడటానికి మాత్రం మామూలుగా రెండు మూడు రోజులు పడుతుంది. మొదట్లో వచ్చే ముర్రుపాలు కొద్దిపాటివే కనుక, ఈ నడిమి వ్యవధిని శిశువు చాలావరకు తాను ముందే కూడబెట్టుకున్న దానితోనే గడపాలి.

ఆ నిల్వలలో మొదటిది గ్లైకోజెన్, అంటే శరీరం గ్లూకోజును దాచుకునే రూపం. అది కాలేయంలో ఉంటుందని లోకానికి తెలిపిన ఫ్రెంచి శాస్త్రవేత్త క్లాడ్ బెర్నార్, 1859లో మాయలోనూ దానిని గుర్తించి, పిండం కాలేయం ఇంకా సిద్ధం కాని దశలో ఆ నిల్వ పనిని మాయ నెరవేరుస్తుందని భావించాడు. కాలేయం ఆ బాధ్యతను క్రమంగా స్వీకరించినా, నిల్వ జోరందుకునేది చివరి వారాలలోనే. శిశువు అడ్రినల్ గ్రంథుల నుంచి వెలువడే కార్టిసాల్ అనే హార్మోను అందుకు ప్రేరణనిస్తుంది. నెలలు నిండేసరికి, బరువుతో పోల్చి చూస్తే, శిశువు కాలేయంలో పెద్దవారికంటే రెండు మూడు రెట్లు గ్లైకోజెన్ ఉంటుంది. కండరాలలోనూ గ్లైకోజెన్ ఉంటుంది కానీ దానిని గ్లూకోజుగా రక్తంలోకి విడుదల చేసే ఎంజైము కండరానికి లేదు. అది ఆ కండరానికే ఖర్చవుతుంది. గుండెలోని నిల్వ మరీ విలువైనది. పురిటి నొప్పులు వచ్చినప్పుడల్లా కాసేపు ఆక్సిజన్ తగ్గినా గుండె కొట్టుకుంటూ ఉండటానికి అది తోడ్పడుతుంది.

ఇంతచేసీ కాలేయంలోని గ్లైకోజెన్ సుమారు పన్నెండు గంటలకే చాలావరకు కరిగిపోతుంది. అసలు మూలధనం కొవ్వే. ఇరవై ఎనిమిదో వారం నాటికి అది నామమాత్రంగా ఉంటుంది. నెలలు నిండిన మూడున్నర కిలోల శిశువులో దాదాపు అర కిలో ఉంటుంది. క్షీరదాలలో ఇంత కొవ్వుతో పుట్టేవి అరుదు. శరీరంతో పోలిస్తే మన శిశువు మెదడు ఎంత పెద్దదో, దాని ఖర్చు ఎంతో తలచుకుంటే ఇందులో ఆశ్చర్యం లేదు: కొవ్వు నుంచి కాలేయం తయారుచేసే కీటోన్లను ఆ మెదడు ఇంధనంగా వాడుకుంటుంది. భుజపుటెముకల మధ్య, మెడ దగ్గర, మూత్రపిండాల చుట్టూ ఉండే గోధుమరంగు కొవ్వు పని వేరు. పుట్టిన బిడ్డ చలికి పెద్దవారిలా వణకలేదు. ఆ కొవ్వే మండి నేరుగా వేడినిస్తుంది.

నెలలు నిండకుండా పుట్టినవారికి, గర్భంలో ఎదుగుదల కుంటుపడినవారికి రక్తంలో గ్లూకోజు ఎందుకు త్వరగా పడిపోతుందో దీనితో తెలుస్తుంది. అయితే నిల్వ నిండుగా ఉన్నంత మాత్రాన చాలదు. మామూలుగా పుట్టుకతోనే ఇన్సులిన్ తగ్గి, గ్లూకగాన్, అడ్రినలిన్ అనే హార్మోన్లు పెరిగి నిల్వల తలుపు తెరుస్తాయి. తల్లికి మధుమేహం అదుపులో లేకపోతే, ఆమె రక్తంలోని అదనపు గ్లూకోజు మాయను దాటుతుంది. ఆమె ఇన్సులిన్ దాటదు. కాబట్టి శిశువు క్లోమమే అధికంగా ఇన్సులిన్ తయారుచేసి, ఆ గ్లూకోజును కొవ్వుగా మారుస్తుంది. అలాంటి శిశువు బొద్దుగా పుడుతుంది, చూసేవారు మురిసిపోతారు. కానీ తాడు తెగాక కూడా ఆ ఇన్సులిన్ వెంటనే తగ్గదు. గ్లైకోజెన్ విడుదలను, కొవ్వు కరగడాన్ని, కీటోన్ల తయారీని అది అణచిపెడుతుంది. అందుకే బరువు బాగున్నా ఈ శిశువులకు మొదటి గంటలోనే పాలు పట్టించి, మడమ నుంచి రక్తపు చుక్క తీసి గ్లూకోజును పదేపదే పరీక్షిస్తారు.